గంజి కోసమా, గురి కుదిరా?
గుండ్లకమ్మ రేవులో 1878 నాటి ప్రశ్న

ఒంగోలు: “కూటికోసం కలిసినవాళ్ళు” అనే మాట పడని క్రైస్తవ కుటుంబం ప్రకాశం జిల్లా పల్లెల్లో అరుదు. పొలంగట్టు దగ్గర తగువొచ్చినా, నీళ్ళ దగ్గర మాటా మాటా పెరిగినా చివరికి ఆ మాట నోటికి వస్తుంది. ఆ మాటకు మూలం వెదుక్కుంటూ పోతే ధాత కరువు దాకా పోవాలి. అనేవాళ్ళకు గాని, పడేవాళ్ళకు గాని తెలియని సంగతి ఒకటుంది. ఆ అనుమానం ఊరివాళ్ళకంటే ముందు, ఊరివాళ్ళకంటే గట్టిగా పట్టుకున్నది బాప్తిస్మం ఇవ్వవలసిన దొరనే. అనుమానం పట్టుకుని ఆయన పదిహేను నెలలపాటు ఒక్కరికైనా బాప్తిస్మం ఇవ్వకుండా ఆపేశాడు.

ఆ దొర పేరు జాన్ క్లౌ. ఒంగోలులో ఇప్పటికీ ఆయన పేరున ఆసుపత్రి ఉంది. అమెరికావాడు, 1836లో పుట్టాడు. పాదిరీ కాకముందు సర్వేదారు. అడవుల్లో గొలుసు పట్టి భూములు కొలిచినవాడు. కుర్రతనంలో ఆయనకు దేవుడంటే నమ్మకం లేదు. చదువుకునే రోజుల్లో ఒకే గదిలో ఉండే స్నేహితుడు మోకాళ్ళూని ప్రార్థన చేస్తుంటే సహించలేక, గది మధ్య సుద్దముక్కతో గీత గీసి, నీ ప్రార్థన ఆ వైపే, ఈ వైపు పనికిరాదు అన్నాడని చెబుతారు. అలాంటివాడు తర్వాత తానే గీత దాటాడు. అందుకేనేమో, నమ్మకం లేనివాణ్ణి చూస్తే ఆయనకు కోపం రాలేదు గాని, నమ్మానని తొందరపడి చెప్పేవాణ్ణి చూస్తే మాత్రం అనుమానం వచ్చేది.

మూసేద్దామన్న మిషన్

అసలు ఈ మిషన్ బతుకే అనుమానాల మధ్య సాగింది. శామ్యూల్ డే దొర 1840లో నెల్లూరులో మకాం పెట్టాడు. ఏళ్ళు గడిచినా కలిసినవారి లెక్క పదుల్లోనే ఉంది. డబ్బు పంపే అమెరికా సంఘానికి విసుగెత్తింది. 1848లో ఒకసారి, 1853లో మరొకసారి, 1862లో ఇంకొకసారి తెలుగు మిషన్‌ను మూసేద్దామన్న మాట వచ్చింది. 1853 సభలో పటం మీద తెలుగుదేశంలో తమ మిషన్ ఒక్కటే చుక్కలా కనిపిస్తుంటే, దానికి “ఒంటి చుక్క” అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది.

ఆ మరుసటి నెలల్లోనే, 1854 జనవరి 1 తెల్లవారుజామున, జ్యూయెట్ దొర, ఆయన భార్య, నెల్లూరు నుంచి వెంట వచ్చిన ముగ్గురు తెలుగువాళ్ళు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. మొత్తం ఐదుగురు. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని అడిగారు. ఆ మనిషి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది! కొండ మీద అడిగినది మరుసటి వారమే దొరకాలనుకునేవాళ్ళు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

1862 నాటికి జ్యూయెట్ ఆరోగ్యం చెడి అమెరికాలో ఉన్నాడు. మిషన్ మూసేసినా సరే, నేను తెలుగువాళ్ళ దగ్గరికే పోయి అక్కడే చస్తాను అన్నాడట. అట్లాగైతే నిన్ను పాతిపెట్టడానికైనా ఒకణ్ణి వెంట పంపాలి అని కార్యదర్శి జవాబు చెప్పాడట. ఆ వెంట పంపినవాడే క్లౌ. 1865లో నెల్లూరు చేరాడు, 1866లో ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

ముందు తోలు వ్యాపారి, తర్వాత దొర

ఈ కథలో దొర పేరే అందరూ చెబుతారు. ఎర్రగుంట్ల పేరయ్య పేరు చెప్పేవాళ్ళు తక్కువ. అది న్యాయం కాదు. ఒంగోలుకు పడమరగా నలభై మైళ్ళ దూరంలోని పల్లెలో పేరయ్య మాదిగ కులంలో పుట్టాడు. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. చదువు లేకపోయినా రాజయోగం నేర్చుకుని, గురువును ఆశ్రయించి, దేవుడు విగ్రహంలో లేడని అప్పటికే తేల్చుకున్నవాడు. తోళ్ళకోసం ఉత్తరాదిగా గోదావరి వైపు పోయినప్పుడు అక్కడి మిషనరీల మాట చెవినపడింది. వెదకగా వెదకగా తనంతట తానే ఒంగోలు చేరాడు. అంటే దొర పోయి ఈయన్ని పట్టుకోలేదు, ఈయనే దొరను వెదుక్కున్నాడు. తర్వాత 1867 జనవరిలో క్లౌ పేరయ్య ఊరివైపు వెళ్ళి, ఐదు రోజులు కూర్చుని, 28 మందికి బాప్తిస్మం ఇచ్చాడు.

అక్కడే చిక్కు మొదలైంది. ఒంగోలులో దొర దగ్గర చదువుకునే పై కులాల పిల్లలు, వాళ్ళ పెద్దలు దొరను మంచిగానే చూసేవారు. మాదిగలను చేర్చుకోకపోతే మేమూ ఆలోచిస్తాం అన్న ధోరణిలో ఉన్నారు. మాదిగలను చేర్చుకుంటే బడి ఖాళీ అవుతుంది, చేర్చుకోకపోతే వచ్చినవాళ్ళను వాకిట్లోంచే పంపేయాలి. క్లౌకు ఏమీ పాలుపోలేదు. ఒక గదిలో ఆయన, వేరే గదిలో భార్య విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రిక 1వ అధ్యాయం 26వ వచనం దగ్గరే కళ్ళు ఆగాయి. లోకం లెక్కచేయనివాళ్ళను దేవుడు లెక్కలోకి తీసుకున్నాడన్నది అక్కడి భావం. ఇద్దరూ దాన్నే తీర్పుగా తీసుకున్నారు. బడి ఖాళీ అయింది.

పల్లెల్లో కలిసినవాళ్ళ పరీక్ష ఇంకా కష్టం. మూడే నియమాలు పెట్టారు. ఆదివారం పనిచేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కాని కోతల రోజుల్లో ఆదివారం కూలికి రానంటే ఆసామి ఊరుకుంటాడా? జాతరకు డప్పు కొట్టనంటే ఊరు ఊరుకుంటుందా? చచ్చిన గొడ్డు తోలు, దానివెంట వచ్చే మాంసం తరతరాల హక్కుగా ఉన్న ఇంట్లో అది వదులుకుంటే పిల్లలకు ఏం పెట్టాలి? ఈ ప్రశ్నలకు దొర బంగళాలో కూర్చుని జవాబు చెప్పడం తేలిక. గూడెంలో పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషికి తేలిక కాదు. కలిసిన తర్వాత వెనక్కి తగ్గినవాళ్ళుంటే వాళ్ళను తప్పుపట్టే ముందు ఇది చూడాలి.

కాలువ తవ్వకం

1876లో వానలు మొహం చాటేశాయి. 1877 అంతా అదే తీరు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. మదరాసు రాజధాని మొత్తంలో లక్షల మంది ప్రాణాలు పోయాయి. కరువు పనిలో మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని సర్కారు ఒక దశలో తేల్చింది. రోజంతా మట్టి మోసేవాడికి అది ఏ మూలకు?

బకింగ్‌హాం కాలువ తవ్వకం అప్పుడే కరువు పనిగా సాగింది. సర్కారు పనిలో మాదిగ కూలీలకు పైవాళ్ళ చేతిలో అన్యాయం జరుగుతున్నదని విని క్లౌ తానే మూడున్నర మైళ్ళ కాలువ గుత్తకు తీసుకున్నాడు. పాత సర్వే విద్య అక్కరకు వచ్చింది. సంఘ బోధకులే మేస్త్రీలయ్యారు. పగలు పార, తట్ట. మధ్యలో ఊపిరి పీల్చుకునే వేళ, రాత్రి వేళ బోధకుడి చుట్టూ జనం. ప్రయాసపడి భారం మోసేవారలారా అని పిలిచే వాక్యం మీదే ఎక్కువగా మాట్లాడేవారట. తలమీద తట్ట ఉన్నవాడికి దానికి అర్థం వేరే చెప్పనవసరం లేదు.

వేలమంది మేమూ కలుస్తాం అన్నారు. మరొకరైతే సంబరపడి లెక్క రాసి అమెరికాకు పంపేవారు. క్లౌ మాత్రం కాదన్నాడు. 1877 మార్చి నుంచి 1878 జూన్ వరకు బాప్తిస్మాలు నిలిపేశాడు. గంజి పోసే చేతినుంచే బాప్తిస్మం ఇస్తే, మనిషి దేనికి వచ్చాడో ఇచ్చేవాడికీ తెలియదు, పుచ్చుకునేవాడికీ తెలియదు. ఇదీ ఆయన అనుమానం. ఈ అనుమానాన్ని కొందరు కఠినం అంటారు. ఆకలితో చావు అంచున ఉన్నవాడు దేవుణ్ణి అడిగితే ఆగమనడం ఏమిటని వాళ్ళ వాదం. అందులోనూ న్యాయం ఉంది. ఎందుకంటే ఆగమన్నవాళ్ళలో కొందరు ఆ పదిహేను నెలలు దాటి బతకలేదు. కరువుకు తోడు కలరా కూడా వచ్చింది.

వెల్లంపల్లి రేవు

వానలు పడ్డాయి. కరువు సాయం ఆగిపోయింది. దొర దగ్గర ఇక ఇవ్వడానికి పనీ లేదు, పైసా లేదు. 1878 జూన్‌లో ఒంగోలులో మసూచికం ఉండడంతో బోధకులను ఊరికి ఉత్తరంగా గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో కలుసుకోమన్నాడు. కొత్తవాళ్ళను తేవద్దని చెప్పినా జనం వెంట వచ్చేశారు. చెట్ల కింద నిండిపోయారు. సాయం ముగిసింది, ఇళ్ళకు పొండి అని దొర చెప్పాడు. సాయం వద్దు, చేతుల బొబ్బలు చూడండి, కష్టపడి తింటాం, వచ్చే పంటా పోతే చస్తాం, అయితే క్రీస్తువాళ్ళుగా చస్తాం అన్నది వాళ్ళ జవాబు సారాంశం. దొర దగ్గర దానికి బదులు లేకపోయింది.

అయినా విచారణ మానలేదు. బోధకులు తమ తమ పల్లెల మనుషులను పక్కకు కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ అడిగారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది గుండ్లకమ్మలో మునిగారు. మూడు రోజులకు 3,536. ఆ ఏడాది చివరికి లెక్క తొమ్మిది వేలు దాటింది.

ఒక్క రోజులో 2,222 మందిని నీళ్ళలో ముంచడం సాధ్యమా అని విదేశాల్లో అనుమానించినవాళ్ళూ ఉన్నారు. లెక్క వేసి చూడవచ్చు. ఆరుగురు పాస్టర్లు వంతులవారీగా, ఒకేసారి ఇద్దరు చొప్పున నీళ్ళలో నిలబడ్డారు. మధ్యాహ్నం విరామం పోను దాదాపు తొమ్మిది గంటలు. మనిషికి అర నిమిషం కంటే ఒక పిసరు తక్కువ పడుతుంది. సాధ్యమే. ఆ ఆరుగురిలో క్లౌ లేడు. ఆ రోజు ఆయన ఒక్కరినీ ముంచలేదు. తమ పల్లెల మనుషులను ఎరిగినవాళ్ళే ఆ పని చేశారు.

ఇప్పటి కాగితం

ఆ అనుమానం ఇప్పుడు వేరే రూపంలో తహసీల్దారు కచేరీ దగ్గర నిలబడింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుణ్ణి అని రాయించుకున్నవాడికి షెడ్యూల్డు కులం వర్తించదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ ఉత్తర్వు సవరించారు గాని క్రైస్తవులకు సవరించలేదు. దళిత క్రైస్తవులకు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి కింద 1 శాతమే రిజర్వేషన్. మతం మారినంతమాత్రాన పల్లెలో గూడెం మారలేదు, కులం పేరు పోలేదు. కాబట్టి ఆదివారం గుడికి పోయే తండ్రి, పిల్లవాడి కాలేజీ సీటు దగ్గర కాగితంలో ఏం రాయించాలో తేల్చుకోలేక నలుగుతాడు. నిజం రాయిస్తే సీటు పోతుంది, రాయించకపోతే మనసు ఒప్పుకోదు. 1877లో ఆకలి దగ్గర అడిగిన ప్రశ్ననే ఇప్పుడు సర్టిఫికెట్టు దగ్గర అడుగుతున్నారు. అప్పుడు ఆ ప్రశ్న వేసిన దొర పదిహేను నెలలు తానూ దానితో నలిగాడు. ఇప్పుడు వేసేవాళ్ళలో అంత ఓపిక ఉన్నవాళ్ళు కనిపించరు.

వెల్లంపల్లి మద్దిపాడు మండలంలో ఉంది. ఒంగోలు నుంచి ఉత్తరంగా సుమారు పది మైళ్ళు. గుండ్లకమ్మ ఊరి పక్కనే పారుతుంది.