ముందు రొట్టె, ఆ తర్వాతే మాట

చచ్చిపోవాలనిపిస్తోందని సంఘంలో చెప్పుకోవడానికి విశ్వాసులు చాలామంది జంకుతారు. "ప్రార్థన తగ్గింది", "ఇది అపవాది శోధన" అంటారేమోనని భయం. దానికంటే లోతుగా ఇంకోటి ఉంటుంది: ఇలాంటి తలంపు వచ్చిందంటే దేవుడు నన్ను విడిచిపెట్టేశాడేమోనని. అలా అనుకోనక్కర్లేదని బైబిలే చూపిస్తోంది.

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీయండి. కర్మెలు కొండ మీద దేవుడు చేసిన పెద్ద కార్యం చూసిన ఏలీయా ప్రవక్త, చంపిస్తానని రాణి యెజెబెలు కబురు పంపగానే బెయేర్షెబాకు పారిపోయాడు. వెంట ఉన్న పనివాణ్ణి అక్కడే వదిలేసి, ఒంటరిగా అరణ్యంలో ఒక రోజు దూరం నడిచాడు. బదరీ చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగాడు. తోడున్నవాళ్ళను దూరం పెట్టడం, ఒళ్ళు తెలియని అలసట, ఇక ఆశ లేదనిపించడం... ఈ రోజు డాక్టరు దగ్గరకు వెళ్ళినా ముందుగా అడిగేది వీటి గురించే.

దేవుడు కోప్పడలేదు. ప్రవక్త నిద్రపోతే పడుకోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లబుడ్డి చూపించి తినమన్నాడు. తిని మళ్ళీ పడుకున్నా ఏమీ అనలేదు. రెండోసారి లేపిందీ తినమనే. ఇక్కడ చేస్తున్నదేమిటన్న ప్రశ్న హోరేబు కొండ చేరాకే వచ్చింది. అక్కడ ఏలీయా తన గోడు రెండుసార్లు చెప్పుకున్నాడు, దేవుడు రెండుసార్లూ విన్నాడు. నేనొక్కణ్ణే మిగిలానన్న మనిషికి ఏడువేలమంది ఉన్నారని చెప్పి, ఎలీషాను తోడిచ్చాడు. మోషే, యోనా కూడా చావు కోరుకున్నవాళ్ళే. వాళ్ళనూ దేవుడు తోసెయ్యలేదు.

అందుకే ఇలాంటి మనిషిని నరకం పేరు చెప్పి బెదిరించడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. బెదిరిస్తే తలంపు పోదు, మనిషి దాన్ని దాచుకుంటాడు. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ప్రాణం తీసుకోబోతుంటే పౌలు ఏమన్నాడో చూడండి: హాని చేసుకోవద్దు, మేమంతా ఇక్కడే ఉన్నామని గట్టిగా కేకవేశాడు. మీకు అనుమానం వస్తే సూటిగానే అడగండి, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ప్రమాదకరమైన వస్తువులు చేతికందకుండా తీసేయండి, డాక్టరు దగ్గరకు మీరే వెంటబెట్టుకుని వెళ్ళండి.

డిప్రెషన్‌కు వైద్యం ఉంది. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, కాబట్టి వాడుతూ ప్రార్థన చేయండి, డాక్టరు చెప్పకుండా మానేయొద్దు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే కదా. ఇక పోలీసు కేసు అవుతుందన్న భయం చాలా ఇళ్ళలో ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిది.

ఇది చదువుతున్నది ఆ మనిషే అయితే, ఇప్పుడే పక్కన ఉన్న ఒకరిని పిలవండి. ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే 112కు ఫోన్ చేయండి. లేదంటే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే "నాకు బతకాలని లేదు" అన్న ఒక్క ముక్క చాలు, మిగతావి వాళ్ళే అడుగుతారు.