షెంగెన్ సరిహద్దు హైదరాబాద్‌లో ఉంది

యూరప్ బ్యాక్‌ప్యాకింగ్ వీడియోలన్నీ ట్రైన్ కిటికీ దగ్గర మొదలవుతాయి. మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి మాత్రం ట్రిప్ మొదలయ్యేది వీసా సెంటర్‌లో టోకెన్ తీసుకున్నప్పుడు. అందుకే ఈ వ్యాసంలో ప్యాలెస్‌లు తక్కువ, కాగితాలు ఎక్కువ. ఇంటర్ నుంచి కలిసున్న నలుగురం ప్లాన్ వేసుకున్నాం. మొన్న మే నెలలో ప్రాగ్, వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్ తిరిగొచ్చింది మాత్రం ముగ్గురం. మన కాలేజీలో ఇలాంటి ప్లాన్ వేస్తున్న గ్యాంగులు ఇంకా ఉన్నాయని తెలుసు. వాళ్ల కోసం, నాలుగోవాడు ఎందుకు ఆగిపోయాడో, అయినా ట్రిప్ ఎందుకు చెడిపోలేదో రాస్తున్నా. (చదివిందంతా ఇంగ్లిష్ మీడియం. ఒత్తులు క్లబ్ వాళ్లు సరిచేస్తారు.)

ముందు షెంగెన్ అంటే ఏంటో చూద్దాం. అది లక్సెంబర్గ్‌లో మోసెల్ నది ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరు. 1985 జూన్ 14న అక్కడ నదిలో ఆగిన ఒక పడవ మీద ఐదు దేశాలు సంతకాలు పెట్టాయి, తమ మధ్య సరిహద్దు తనిఖీలు తీసేద్దామని. 1995లో అది అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 29 దేశాలున్నాయి. బ్రిటన్, ఐర్లాండ్ ఇందులో లేవు. ఒక దేశం ఇచ్చిన వీసాతో మిగతా అన్నిటిలో తిరగొచ్చు. ఎన్నాళ్లు ఉండొచ్చు అనేదానికి రూల్, ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించకూడదు. అందరూ దీన్ని 'ఆరు నెలలకోసారి మూడు నెలలు' అని చదువుతారు. అలా కాదు, ఇది స్లైడింగ్ విండో. ఏ రోజు నిలబడి వెనక్కి 180 రోజులు లెక్కపెట్టినా 90 దాటకూడదు. మనలాంటి స్టూడెంట్లకి అన్ని రోజులు ఎలాగూ ఇవ్వరు, ట్రిప్ ఎన్ని రోజులో దాదాపు అన్నే ఇస్తారు.

ఏ దేశానికి అప్లై చేయాలి? ఎక్కడ ఎక్కువ రోజులు ఉంటామో ఆ దేశానికి. రోజులు సమానమైతే మొదట ఏ దేశంలో అడుగు పెడతామో దానికి. అపాయింట్‌మెంట్ తొందరగా దొరుకుతోందని వేరే దేశానికి అప్లై చేసి, హోటల్ బుకింగులు ఇంకో దేశంలో చూపిస్తే అనుమానం వస్తుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, 15 రోజుల ముందు వరకే తీసుకుంటారు. ఫీజు 90 యూరోలు, అంటే సుమారు తొమ్మిది వేలు, సెంటర్ సర్వీస్ చార్జీ అదనం. వీసా రాకపోతే ఫీజు వెనక్కి రాదు. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఇవన్నీ చెక్‌లిస్ట్‌లో దొరుకుతాయి. చెక్‌లిస్ట్‌లో కనపడనిది ఇంకోటుంది.

ప్లాన్ నలుగురిది, కానీ అప్లికేషన్ ఒక్కొక్కరిది. ఒకటే హోటల్, ఒకటే రూట్, ఒకటే కవరింగ్ లెటర్ ఫార్మాట్. అక్కడ చూసేది మాత్రం ఎవరి ఇంటి ఆదాయం వాళ్లది. మా ముగ్గురి నాన్నలవి ఉద్యోగాలు. ఫారం 16, మూడేళ్ల ఐటీఆర్‌లు, నెలనెలా ఒకటో తారీఖున జీతం పడే అకౌంట్. నాలుగోవాడి నాన్న రైతు. వరంగల్ దగ్గర ఎనిమిదెకరాల పత్తి, మిర్చి. వ్యవసాయ ఆదాయం మీద మన దేశంలో ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, కాబట్టి ఆయన ఎప్పుడూ రిటర్న్ వేయలేదు, వేయాల్సిన అవసరమూ రాలేదు. డబ్బు పంట అమ్మినప్పుడే వస్తుంది. వీసావాళ్లు అడిగిన బ్యాంక్ స్టేట్‌మెంట్ మూడు నెలలది. ఆ మూడు నెలల్లో వాళ్ల అకౌంట్‌లో పెట్టుబడికి తీసిన డబ్బే కనపడింది. మా ఇంట్లోకంటే వాళ్లింట్లో ఆస్తి ఎక్కువ. కాగితం మీద అది లేదు, అంతే.

మూడు పాస్‌పోర్టులు స్టిక్కర్‌తో వచ్చాయి, నాలుగోదానితో ఒక ఫారం వచ్చింది. అందులో కారణాల లిస్ట్ ఉంటుంది, వర్తించే దానికి టిక్ పెడతారు. వాడికి టిక్ పెట్టింది, గడువులోగా తిరిగి వెళ్తాడన్న దాని మీద సందేహం ఉందని. (ఏ దేశమో రాయొద్దన్నాడు, మళ్లీ అక్కడే అప్లై చేస్తాడట.) ఎనిమిదెకరాల భూమిని, అమ్మానాన్నని, సగంలో ఉన్న డిగ్రీని వదిలేసి వీడు ప్రాగ్‌లో దాక్కుంటాడా అని మేం చాలాసేపు తిట్టుకున్నాం. తర్వాత చల్లగా ఆలోచిస్తే, అక్కడ కూర్చున్న మనిషికి వీడు తెలియదు, ఫైల్ మాత్రమే తెలుసు.

ఇక్కడ మమ్మల్ని కాపాడింది అప్లై చేయకముందే రాసిపెట్టుకున్న ఒక మెసేజ్. ఐడియా వాడిదే. ఎర్రర్ హ్యాండ్లింగ్ లేకుండా కోడ్ డిప్లాయ్ చేస్తారా అని అడిగి మరీ రాయించాడు. ఒక్కరికి రాకపోతే మిగతావాళ్లు వెళ్తారు, పోయిన ఫీజు నలుగురూ పంచుకుంటారు. ఇద్దరికి రాకపోతే అందరూ ఆగిపోతారు. వీసాలు వచ్చేదాకా డబ్బు వెనక్కి రానిది ఏదీ కొనకూడదు. ఫ్లైట్‌కి రిజర్వేషన్ చాలు, హాస్టల్ బెడ్‌లు ఫ్రీ క్యాన్సిలేషన్‌వి. దీంతో రిజెక్ట్ అయిన రోజు రాత్రి మా మధ్య 'వెళ్దామా వద్దా' అనే చర్చ రాలేదు. వచ్చుంటే ఎవరు ముందు వెళ్దామన్నారో జీవితాంతం గుర్తుండేది. వాడు గ్రూపులో రాసింది ఒకటే లైన్: "రూల్ రూలే, పోండ్రా. నా బెడ్ క్యాన్సిల్ చేయండి."

డబ్బు విషయంలో కూడా ఒక రూల్ పెట్టుకున్నాం. గ్రూపు బడ్జెట్ అంటే నలుగురి యావరేజ్ కాదు, మినిమమ్. యావరేజ్ తీస్తే తక్కువ ఉన్నవాడు రోజూ అప్పు చేయాలి, లేదా రోజూ 'నాకు ఆకలిగా లేదు' అనాలి. అందుకే పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ మొదటి రోజే లిస్ట్‌లోంచి పోయాయి. మధ్య యూరప్ చవక, పైగా ఊళ్లు దగ్గర. ప్రాగ్ నుంచి వియన్నా రైల్లో దాదాపు నాలుగు గంటలు, వియన్నా నుంచి బ్రాటిస్లావా గంట, అక్కడి నుంచి బుడాపెస్ట్ రెండున్నర గంటలు. దీనికి ట్రావెలింగ్ సేల్స్‌మ్యాన్ ప్రోగ్రామ్ రాయక్కర్లేదు, మ్యాప్‌లో వరుసగా ఉంటాయి. ప్రాగ్‌లో దిగి బుడాపెస్ట్ నుంచి ఫ్లైట్ ఎక్కితే వెనక్కి తిరిగే ఖర్చు కూడా ఉండదు. ఈ నాలుగూ 1918 దాకా ఒకే ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేవి. స్టేషన్లు, కాఫీ హౌస్‌లు, పసుపు రంగు బిల్డింగులు చూస్తే ఆ పోలిక ఇంకా తెలుస్తుంది.

రైలు పాస్ గురించి అందరూ అడుగుతారు. ఇంటర్‌రైల్ యూరప్‌లో ఉండేవాళ్లకి, మనకి యూరైల్. 27 ఏళ్లలోపు వాళ్లకి తగ్గింపు ఉంది. అయినా మూడు చిన్న ప్రయాణాలకి మా లెక్కలో పాస్ కిట్టలేదు. విడి టికెట్లు ముందుగా కొంటే చవక, ఆలస్యం చేసేకొద్దీ రేటు పెరుగుతుంది. చవక టికెట్ ఆ ఒక్క రైలుకే పనికొస్తుంది, చాలావాటికి రీఫండ్ ఉండదు. అందుకే అవి కూడా వీసాల తర్వాతే కొన్నాం.

చిన్న సంగతులు గబగబా చెప్పేస్తా. ప్రాగ్ మెట్రోలో గేట్లు ఉండవు, పేపర్ టికెట్ కొనగానే పసుపు మెషిన్‌లో ముద్ర కొట్టించాలి, లేకపోతే టికెట్ ఉన్నా లేనట్టే. చెక్ రిపబ్లిక్‌లో కొరునా, హంగరీలో ఫోరింట్, మధ్యలో రెండు దేశాల్లో యూరో. ఏటీఎం 'రూపాయల్లోకి మార్చి తీసుకోమంటారా' అని అడిగితే వద్దనండి, ఆ రేటు దారుణంగా ఉంటుంది. వియన్నాలో కుళాయి నీళ్లు ఆల్ప్స్ ఊటల నుంచి వస్తాయి, మొదటి పైప్‌లైన్ 1873 నాటిది. బాటిల్ కొనడం దండగ. ఇంట్లోవాళ్లకి ముఖ్య గమనిక: మాంసం, పాల పదార్థాలు బయటి నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకురానివ్వరు. అంటే నేతి సున్నుండలు ఇంట్లోనే తినేసి వెళ్లాలి. ఆవకాయ, కారప్పొడి మాతో వచ్చాయి. హాస్టల్ కిచెన్‌లో అన్నం వండుకుంటే ఒక పూట ఖర్చు మిగిలేది.

వియన్నా నుంచి బ్రాటిస్లావా వెళ్లే రైల్లో ఒక పొలం తర్వాత ఇంకో పొలం వచ్చింది. ఫోన్‌కి 'స్లొవేకియాకు స్వాగతం' అని మెసేజ్ వచ్చాకే దేశం మారిందని తెలిసింది. ఎవరూ ఏమీ అడగలేదు. (ఈమధ్య కొన్ని సరిహద్దుల్లో తాత్కాలిక తనిఖీలు మళ్లీ పెట్టారు, పాస్‌పోర్ట్ జేబులోనే ఉంచుకోండి.) 1989 వరకు సరిగ్గా అక్కడే ఇనుప కంచెలు ఉండేవి, దాటబోతే కాల్చేవాళ్లు. ఇప్పుడు అక్కడ గోధుమ పొలం ఉంది. మా నాలుగోవాడిని ఆపిన సరిహద్దు ఆ పొలంలో లేదు, హైదరాబాద్‌లో ఏసీ హాల్లో ఉంది.

విచిత్రం ఏంటంటే ఆ రైలు ఎంచింది వాడే. రూట్ మొత్తం వాడి షీట్. సాయంత్రం ఏడున్నరకి మేం స్టేషన్‌లో తెల్లమొహాలేసుకుని ఫోన్ చేస్తే, వరంగల్‌లో రాత్రి పదకొండుకి వాడు యాప్ చూసి ప్లాట్‌ఫామ్ చెప్పేవాడు. మొదటి రెండు రోజులు ఫొటోలు పంపడానికి మొహమాటపడ్డాం. మూడో రోజు వాడే తిట్టాడు, ఫొటోలు ఏవిరా అని.

బుడాపెస్ట్‌లో డాన్యూబ్ ఒడ్డున, పార్లమెంట్‌కి దగ్గర్లో, 60 జతల ఇనుప చెప్పులు ఉంటాయి. 2005లో పెట్టారు. 1944-45లో యారో క్రాస్ అనే ఫాసిస్టు ముఠా యూదుల్ని ఇక్కడ నిలబెట్టి, బూట్లు విప్పించి, నదిలోకి కాల్చింది. అదే ఊళ్లో అదే సమయంలో రావుల్ వాలెన్‌బర్గ్ అనే స్వీడన్ దౌత్యవేత్త రక్షణ పాస్‌లు పంచి వేలమందిని బతికించాడు. మా గొడవని దానితో పోల్చే ప్రసక్తే లేదు. కానీ నాలుగు నెలలు వీసా కాగితాలతో గడిపి వెళ్లినందుకేమో, ఆ పాస్ గురించి చదివినప్పుడు ముగ్గురం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. అక్కడ సెల్ఫీలు తీసుకోవద్దని మాత్రం చెప్తాను.

ఇక రిజెక్ట్ అయినవాళ్లకి. ఇచ్చిన దేశం చట్టం ప్రకారం అప్పీల్ చేయొచ్చు, లేదా కొత్తగా అప్లై చేయొచ్చు. కొత్త అప్లికేషన్‌కి ఇన్నాళ్లు ఆగాలన్న గడువేమీ లేదు. పాత తిరస్కరణని దాచకండి, అది వాళ్ల వీసా డేటాబేస్‌లో ఐదేళ్లు ఉంటుంది. కారణానికి జవాబు చెప్పే కొత్త కాగితం లేకుండా అదే ఫైల్ పంపితే అదే ఫారం తిరిగొస్తుంది. మావాడు ఈసారి వాళ్ల నాన్నతో వ్యవసాయ ఆదాయం చూపిస్తూ ఐటీఆర్ వేయించాడు. పట్టాదారు పాస్‌బుక్, మార్కెట్ యార్డ్ తక్‌పట్టీలు ఇంగ్లిష్‌లోకి నోటరీ చేయించి, ఏడాది మొత్తం స్టేట్‌మెంట్, పంట అమ్మిన తేదీలతో ఒక పేజీ వివరణ, కాలేజీ బోనఫైడ్ కలిపి పెట్టాడు. వాళ్ల నాన్న ఆ వివరణ చదివించుకుని, "నా మిర్చి రేటు వాళ్లకెందుకురా" అని అడిగారట. సెమిస్టర్ పరీక్షలు అయిన వారానికి అపాయింట్‌మెంట్ దొరికింది.