లడ్డు పోయాక మా ఇంటికి పైసా వచ్చింది

పెంపుడు కుక్క చనిపోయిందని చెబితే మనవాళ్లలో చాలామంది అనే మాట ఒక్కటే: ‘ఇంకోదాన్ని తెచ్చుకోండి’. అందులో చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. కానీ అమ్మానాన్నలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ సముద్రాల అవతల ఉన్న ఇంట్లో, పదమూడేళ్లపాటు రోజూ సాయంత్రం తలుపు దగ్గర ఎదురుచూసిన ప్రాణి పోతే ఆ ఖాళీ అంత తేలిగ్గా పూడదు.

మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. లడ్డు అనే పొమేరియన్‌ను 2010లో, మా అమ్మాయి పుట్టకముందే తెచ్చుకున్నాం. 2023 జనవరిలో పోయింది. గుండె కవాటం దెబ్బతినే జబ్బు. వయసు మళ్లిన చిన్న కుక్కల్లో ఇది చాలా మామూలు. మైట్రల్ కవాటం సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి వస్తుంది. గుండె పెద్దదవుతుంది. చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మందులతో ఏడాదిన్నర నెట్టుకొచ్చాం. ఆఖరి రాత్రి ఊపిరి అందక అది పడుకోలేకపోయింది. తెల్లవార్లూ కూర్చునే ఉంది.

కారుణ్య మరణం కాగితం మీద సంతకం పెట్టింది మా ఆయన. మన ఇళ్లలో ఆ సంతకం పెట్టడం కష్టం. ‘ప్రాణం తీసే హక్కు మనకెక్కడిది’ అని ఒకరంటారు. ‘అంత బాధపడుతుంటే చూస్తూ కూర్చోవడం ధర్మమా’ అని ఇంకొకరంటారు. బయటికొచ్చాక ఆయన కారులో ఒక్కటే మాట అన్నారు: ‘మళ్లీ ఆ గదిలోకి నేను రాను’. ఇక మా ఇంట్లో కుక్క మాట ఎవరం ఎత్తలేదు.

తెలుగు పాఠం విన్న కుక్క

ఆ వేసవిలో మా అమ్మాయికి పదేళ్లు. బడివాళ్లు సేవా కార్యక్రమం చేయమంటే దగ్గర్లోని జంతువుల షెల్టర్‌లో పేరిచ్చింది. పిల్లలు బోనుల ముందు కూర్చుని కుక్కలకు కథలు చదివి వినిపించాలి. భయపడిపోయి ఉన్న కుక్కలు మనిషి గొంతుకు అలవాటుపడతాయని, పిల్లలకు చదవడం వస్తుందని అమెరికాలో చాలా షెల్టర్లు ఈ పని చేస్తున్నాయి. మా అమ్మాయి తీసుకెళ్లింది మనబడి తెలుగు పుస్తకం. ‘పరీక్ష కూడా ఉందిగా అమ్మా, రెండు పనులూ అయిపోతాయి’ అంది.

చివరి బోనులో గోడకేసి తిరిగి కూర్చునే ఒక చిన్న కుక్క ఉండేది. చివావా కలిసిన జాతి. సుమారు ఎనిమిదేళ్లు, నాలుగు కిలోలు. ఎడమ కన్ను లేదు. ముందు పళ్లు ఊడిపోవడంతో నాలుక ఎప్పుడూ ఓ పక్కకు వేలాడుతుండేది. వెనక కాలి మోకాలిచిప్ప పక్కకు జారుతుంది కాబట్టి నాలుగడుగులకోసారి కుంటేది. మూడోవారం గుణింతాలు చదువుతుంటే అది ఇటు తిరిగింది. ఐదోవారానికి జాలీ దగ్గరికి వచ్చి కూర్చుంది.

బోను మీది కార్డులో దాని పేరు పెన్నీ. పేరు కింద ఎర్ర అక్షరాలతో ఇంకో మాట ఉంది: హార్ట్‌వార్మ్ పాజిటివ్. రోజూ వచ్చేవాళ్లు ఒంటికన్ను చూసి ‘అయ్యో’ అని ఆగేవారు. ఆ ఎర్ర అక్షరాలు చూసి ముందుకు వెళ్లిపోయేవారు.

వంకరలున్న కుక్కలను ఇష్టపడేవాళ్లు ఈ దేశంలో లేక కాదు. కాలిఫోర్నియాలో ఏటా ‘ప్రపంచంలోకెల్లా అందవికారమైన కుక్క’ పోటీ పెడతారు. 2024లో గెలిచిన వైల్డ్ థాంగ్ అనే పెకింగీస్‌కు చిన్నప్పుడు డిస్టెంపర్ సోకింది. పళ్లు పెరగక నాలుక బయటికి వేలాడుతుంది, ముందరి కాలు ఒకటి ఆగకుండా ఆడుతూనే ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2007లో మొదలైన మట్‌విల్ అనే సంస్థ పని ముసలి కుక్కలకు ఇల్లు వెతకడమే. అయితే చూడటానికి వంకరగా ఉండటం వేరు, లోపల జబ్బు ఉండటం వేరు. మా ఆయన భయమూ అదే. ‘దీనికీ గుండె జబ్బేనా?’ అన్నారు.

దోమ తెచ్చే పురుగు

గుండెకు సంబంధించినదే గానీ లడ్డు జబ్బుకూ దీనికీ పోలిక లేదని వెట్ డాక్టర్ వివరంగా చెప్పారు. హార్ట్‌వార్మ్ దోమకాటుతో వస్తుంది. లార్వా ఆరేడు నెలల్లో పెరిగి గుండెకూ ఊపిరితిత్తులకూ మధ్య రక్తనాళాల్లో చేరుతుంది. ఆడ పురుగు 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. చికిత్స లేకపోతే ఐదారేళ్లు అక్కడే బతుకుతుంది. టెక్సాస్‌తో పాటు గల్ఫ్ తీర రాష్ట్రాల్లో ఇది ఎక్కువ. నెలకో మాత్రతో రాకుండా ఆపవచ్చు. వచ్చాక నయం చేయాలంటే మాత్రం ఖర్చు తేలిగ్గా వెయ్యి డాలర్లు దాటుతుంది. చాలా కుక్కలు షెల్టర్లలో ఉండిపోవడానికి ఇదొక కారణం.

మా షెల్టర్‌లో ఒక వెసులుబాటు ఉంది. చికిత్స వాళ్లు చేయిస్తారు, అది పూర్తయ్యేదాకా కుక్కను మనింట్లో ఉంచుకోవాలి. ఆ తర్వాత దత్తత తీసుకోవడమా, వెనక్కి ఇవ్వడమా అన్నది మన ఇష్టం. ‘నాలుగు నెలలే’ అన్నారు మా ఆయన. సెప్టెంబరులో తీసుకొచ్చాం. పెన్నీని మనభాషలోకి మార్చి పైసా అని పిలిచిందీ ఆయనే.

మొదటి నెల డాక్సీసైక్లిన్ మాత్రలు. అవి పురుగుల శరీరంలో ఉండే బ్యాక్టీరియాను చంపి వాటిని బలహీనపరుస్తాయి. రెండో నెల చివర నడుము కండరంలోకి మెలార్సొమిన్ ఇంజెక్షన్. ఇది ఆర్సెనిక్ మందు, బాగా నొప్పిపెడుతుంది. ఇంకో నెలకు వరసగా రెండు రోజులు రెండు ఇంజెక్షన్లు. అసలు కష్టం ఇంజెక్షన్లతో కాదు, విశ్రాంతితో. చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో అడ్డుపడితే ప్రాణానికే ముప్పు. అందుకని పరుగు, గెంతు, మెట్లు ఏవీ కూడదు. బయటికి తీసుకెళ్తే పని కానిచ్చి వెంటనే లోపలికి. మిగతా సమయమంతా క్రేట్‌లోనే.

భీమవరం నుంచి పెర్ల్ రివర్ దాకా

ఆ సమయంలోనే మా అత్తయ్యగారు ఆరునెలలు ఉందామని వచ్చారు. ఆవిడది భీమవరం దగ్గర పల్లెటూరు. గుమ్మంలోనే ‘ఇదేం కుక్కమ్మా, ఒంటికన్నుతో నన్నే చూస్తోంది’ అన్నారు. దేవుడి గది వైపు రానీయొద్దన్నారు. పిల్లకు అంటుకుంటుందేమోనని దిగులుపడ్డారు. కుక్కను ముట్టుకున్నా, అది నాకినా ఈ జబ్బు రాదని, మధ్యలో దోమ ఉండాల్సిందేనని చెప్పాను. ఇది ఫైలేరియా జాతి పురుగు అని చెప్పగానే ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

‘మా అమ్మకు బోదకాలు. జ్వరం వచ్చిందంటే వారం లేచేది కాదు. పెళ్లిళ్లకు పిలిచినా వెళ్లేది కాదు, కాలు అందరూ చూస్తారని’ అన్నారు.

గోదావరి జిల్లాలవాళ్లకు ఆ జబ్బు గురించి వేరే చెప్పక్కర్లేదు. ఏటా ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్రలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ మందు అమెరికాలో పుట్టింది. దాని వెనక ఉన్నది భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికా వచ్చిన ఆయన, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ సంస్థ పరిశోధనలకు సారథ్యం వహించారు. 1940లలో అక్కడే డీఈసీ తయారైంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన నడిపిన పరిశోధనల ఫలితమే. పైసా మింగిన డాక్సీసైక్లిన్ ఆ కుటుంబానిదే. అంతేకాదు, 1987లో నెలకోసారి ఇచ్చే ఐవర్‌మెక్టిన్ వచ్చేదాకా అమెరికాలో కుక్కలకు హార్ట్‌వార్మ్ రాకుండా రోజూ ఇచ్చింది డీఈసీనే. మనుషుల కాళ్ల కోసం చేసిన మందు కుక్కల గుండెలనూ కాపాడింది.

ఇదంతా విన్నాక అత్తయ్యగారు ‘మందు మనూరాయనదేనన్నమాట’ అని మాత్రం అన్నారు. మర్నాటి నుంచి ఉదయం మాత్ర వేసే పని ఆవిడే చూసుకున్నారు. పెరుగన్నం ముద్దలో పెట్టి, ‘ఆఁ.. తిను’ అంటూ. దేవుడి గది నియమం మాత్రం మారలేదు. పైసా కూడా ఆ గడప ఎప్పుడూ దాటలేదు.

డిసెంబరులో ఆఖరి ఇంజెక్షన్ రోజు రాత్రి అది నొప్పితో మూలిగింది. మా ఆయన దిండు తెచ్చుకుని క్రేట్ పక్కన నేలమీద పడుకున్నారు. నాలుగు నెలలు పూర్తయ్యాక వెనక్కి ఇవ్వడం గురించి ఎవరూ అడగలేదు. దత్తత కాగితాల మీద కూడా ఆయనే సంతకం పెట్టారు. తొమ్మిది నెలలు ఆగి, 2024 సెప్టెంబరులో చేసిన పరీక్షలో పురుగు లేదని తేలింది.

తెచ్చుకునేముందు

మా అనుభవంతో మూడు మాటలు. జబ్బు ఉన్న కుక్క అనగానే వెనక్కి తగ్గకుండా వైద్య రికార్డు మొత్తం అడిగి, మీ వెట్‌కు చూపించండి. ఏం జబ్బో, ఎంత ఖర్చో, ఎన్నాళ్లో తెలిస్తే సగం భయం పోతుంది. పెట్ షాపులో కొన్న పిల్లకు రేపు ఏమొస్తుందో ఎవరూ చెప్పలేరు. షెల్టర్ కుక్క లోపాలు చాలావరకు ముందే కాగితం మీద ఉంటాయి. రెండోది, కొద్దినెలలు ఇంట్లో ఉంచుకుని చూసే అవకాశం ఉందేమో కనుక్కోండి. ఇంట్లో ఒకరికి మనసు ఒప్పనప్పుడు అది బాగా పనికొస్తుంది. మూడోది, ఇండియా ప్రయాణం. మీరు వెళ్తే కుక్కను ఎవరు చూస్తారో ముందే తేల్చుకోండి. వెంట తీసుకెళ్లాలనుకుంటే, 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలోకి తిరిగి తీసుకురావడానికి నిబంధనలు కఠినమయ్యాయి. మైక్రోచిప్, సీడీసీ ఫారం తప్పనిసరి. రేబిస్ ముప్పు ఎక్కువని సీడీసీ గుర్తించిన దేశాల్లో ఇండియా ఉంది కాబట్టి టీకా ధ్రువపత్రం కూడా బయల్దేరకముందే సిద్ధంగా ఉండాలి.

పైసా లడ్డులా ఉండదు. లడ్డు బంతి తెచ్చేది. పైసాకు బంతి అంటే భయం. లడ్డుకు ఇంగ్లిష్ మాటలు వచ్చు. ఇది ‘రా’, ‘ఆగు’, ‘పెరుగన్నం’ అంటేనే పలుకుతుంది. లడ్డు ఫొటో హాల్లో అలాగే ఉంది.

2025లో ఏడాది పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు. గుండెలో చిన్న మర్మర్ ఉందన్నారు. పురుగు కాదు, కవాటమే. లడ్డుకు వచ్చిందే. ప్రస్తుతం మందులు అక్కర్లేని దశ. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గదిలోంచి వెళ్లలేదు. గుండె పెద్దదవడం మొదలైతే పిమోబెండాన్ ఎప్పుడు ప్రారంభించాలో అడిగారు. లక్షణాలు కనిపించకముందే ఆ దశలో మొదలుపెడితే గుండె విఫలమవడాన్ని సగటున 15 నెలలు వెనక్కి నెట్టవచ్చని 2016 నాటి ఒక పెద్ద అధ్యయనంలో తేలిందని డాక్టర్ చెప్పారు. ఆయన ఫోన్ తీసి ఆరునెలల తర్వాతి ఎక్స్‌రేకు తేదీ రాసుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు కారు నేను నడిపాను. పైసా ఆయన ఒళ్లో నాలుక పక్కకు వేలాడేసుకుని నిద్రపోయింది.