లంకలో సోలార్: మధ్యలో ఉండే ఆ చిన్న డబ్బా సంగతి

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. కోనసీమ లంకలు మునిగాయి, కరెంటు పోయింది. నీళ్లు చుట్టుముట్టాక లైన్లు ఆపక తప్పదు. అప్పుడు పడవ కోసం ఫోన్ చేయాలన్నా అందులో ఛార్జింగు ఉండాలి కదా! అందుకే లంకలో ఇంటికో చిన్న సోలార్ సెట్టు ఉండాలంటాను.

ప్యానెల్, బ్యాటరీ అందరూ చూసి కొంటారు. మధ్యలో ఉండే ఛార్జ్ కంట్రోలర్‌ని మాత్రం షాపులో ఏది చేతిలో పెడితే అది తెచ్చేసుకుంటారు. విదేశాల్లో క్యాంపింగ్ ట్రైలర్లకి బిగించేదీ ఇదే డబ్బా. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీని సుమారు 14.4 వోల్టుల దాకా ఎక్కించి, నిండాక 13.6 దగ్గర పట్టి ఉంచడం దాని పని. అది లేకపోతే బ్యాటరీలో నీళ్లు ఆవిరైపోయి ప్లేట్లు పాడవుతాయి.

ఇందులో రెండు రకాలు. పీడబ్ల్యూఎమ్ రకం ప్యానెల్‌ని నేరుగా బ్యాటరీకి కలిపి, తీసి, కలుపుతుంటుంది. అంటే ప్యానెల్ కూడా బ్యాటరీ వోల్టేజీకి దిగిపోవాల్సిందే. 100 వాట్ల '12 వోల్టుల' ప్యానెల్ మంచి ఎండలో 18 వోల్టుల దగ్గర 5.5 ఆంపియర్లు ఇస్తుంది. బ్యాటరీ 13 వోల్టుల్లో ఉంటే చేరేది 72 వాట్లు. ఫర్వాలేదు. అసలు దెబ్బ ఎక్కడంటే, డాబాల మీద పెట్టే 540 వాట్ల ప్యానెల్ తెచ్చి దీనికే తగిలిస్తే. అది 41 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు ఇచ్చే రకం. 13ని 13తో గుణిస్తే 169 వాట్లు. మిగతా 370 వాట్లు గోదాట్లో కలిసినట్టే. ఆ వోల్టేజీకి కొన్ని డబ్బాలు కాలిపోతాయి కూడా.

ఎంపీపీటీ రకం ఎక్కువ వోల్టులు తీసుకుని, తగ్గించి, ఆంపియర్లు పెంచి ఇస్తుంది. బక్ కన్వర్టర్ ల్యాబ్‌లో చేసింది ఇదే. ఈ ప్యానెల్‌కి 40 ఆంపియర్లది కావాలి. రెండు బల్బులు, ఫోన్లు చాలనుకుంటే 100 వాట్లకి 10 ఆంపియర్ల పీడబ్ల్యూఎమ్ సరిపోతుంది, డబ్బు తగలెయ్యకండి. ఫ్యాన్ కూడా తిరగాలంటే ఎంపీపీటీయే.

అయితే ఎంపీపీటీ అని అచ్చేసి లోపల పీడబ్ల్యూఎమ్ పెట్టినవీ దొరుకుతాయి. నిజమైన దాంట్లో రాగి చుట్ట ఉంటుంది కాబట్టి బరువుగా ఉంటుంది. అనుమానముంటే బ్యాటరీ కాస్త ఖాళీగా ఉన్నప్పుడు, ఎండలో డీసీ క్లాంప్ మీటర్ పెట్టి చూడండి. ప్యానెల్ నుంచి వచ్చే ఆంపియర్ల కంటే బ్యాటరీకి వెళ్లేవి ఎక్కువ ఉండాలి. సమానమైతే మోసమే.

బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాతే ప్యానెల్ కలపాలి. చాలా డబ్బాలు 12 వోల్టులా 24 వోల్టులా అన్నది బ్యాటరీని చూసే తెలుసుకుంటాయి. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. డబ్బాకీ బ్యాటరీకీ మధ్య వైరు పొట్టిగా, లావుగా ఉండాలి. సన్న వైరులో వోల్టేజీ పడిపోతే, బ్యాటరీ నిండకముందే నిండిపోయిందనుకుని డబ్బా తగ్గించేస్తుంది. ఇన్వర్టర్‌ని డబ్బాకున్న లోడ్ పిన్నులకి కాక బ్యాటరీకే ఫ్యూజుతో కలపండి. అంతర్వేది వైపు ఉప్పుగాలికి టెర్మినళ్లు చిలుము పడతాయి, వాజిలీన్ రాయండి.

ఇక చోటు. 1986 వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఇంట్లో పెద్దవాళ్లనడిగి, దానికి పైన పెట్టండి. అటకైనా సరే, గాలి ఆడాలి, బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. సెట్టు విప్పి పడవెక్కించాల్సి వస్తే మాత్రం ముందు ప్యానెల్ తీసి, ఆ తర్వాతే బ్యాటరీ తియ్యాలి.