చెరువు పూడికలో చమురు కాలుష్యం: చల్క, రేగడి నేలల్లో జలవిముఖ పదార్థాల బంధనం

వనపర్తి జిల్లా కొత్తకోట 44వ జాతీయ రహదారిపై హైదరాబాదు, కర్నూలు నగరాల నడుమ ఉన్న పట్టణం. ఇలాంటి రహదారి ఊళ్లలో లారీల మెకానిక్ షెడ్ల ముందు నేల జిడ్డుదేరి నల్లబడి ఉండడం సాధారణ దృశ్యం. తొలకరి వానకు ఆ జిడ్డంతా కొట్టుకుపోయినట్లు కనిపిస్తుంది. నిజానికి నీటిలో కరిగి పోయేది స్వల్పమే. తక్కినది మట్టి రేణువులను అంటిపెట్టుకొని అక్కడే ఉంటుంది, లేదా ఆ రేణువులతోపాటే పల్లంలోని చెరువుకు చేరుతుంది. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి పొలాలకు తోలారు. పూడికమట్టి సారవంతమని రైతుకు తరతరాలుగా తెలుసు. ఆ సారంలో ప్రధానభాగమైన సేంద్రియ పదార్థమే చమురు కాలుష్యాలనూ ఒడిసిపడుతుంది.

చమురు జాతి అణువులకు మట్టిపై ప్రత్యేకమైన ఆకర్షణ ఉన్నదనుకోవడం పొరపాటు. నీటి అణువులు తమలో తాము గట్టిగా పెనవేసుకొని, ఆవేశం లేని ఈ అణువులకు చోటివ్వవు. కనుక వీటిని జలవిముఖ పదార్థాలంటారు. నీటినీ ఆక్టనాల్ అనే ద్రవాన్నీ ఒకే పాత్రలో ఉంచి, ఒక పదార్థం రెంటిలో ఏ నిష్పత్తిలో చేరుతుందో కొలిస్తే ఈ విముఖత ఎంతో తెలుస్తుంది. బట్టల పెట్టెలో వేసే కలరా ఉండల్లోని నాఫ్తలీన్‌కు ఈ నిష్పత్తి దాదాపు 2,000. మసిలోనూ, వాడిన ఇంజన్ ఆయిల్‌లోనూ ఉండే బెంజోపైరీన్‌కు సుమారు 10 లక్షలు.

1979లో కారికాఫ్, బ్రౌన్, స్కాట్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు వివిధ అవక్షేపాలను పరిశీలించి, ఈ పదార్థాలు ఎంత మేరకు పట్టుబడతాయన్నది ప్రధానంగా సేంద్రియ కర్బన పరిమాణాన్నిబట్టి ఉంటుందని చూపారు. కర్బనానికీ నీటికీ మధ్య పంపిణీ నిష్పత్తి ఆక్టనాల్ నిష్పత్తికి సుమారు 0.63 రెట్లు. అదే సంవత్సరం చియౌ బృందం ఇది రేణువు పైపొరపై అంటుకోవడం కాదనీ, కుళ్లిన ఆకు అలముల జీవపదార్థంలోకి కరిగిపోవడమనీ వాదించింది. ఈ లెక్క ప్రకారం 0.5 శాతం కర్బనమున్న కిలో చల్క మట్టి, లీటరు నీటిలో ఉన్న నాఫ్తలీన్‌కు 6 రెట్లు తనలో ఉంచుకుంటుంది. 2 శాతం కర్బనమున్న పూడికలో అది 25 రెట్లు. బెంజోపైరీన్ విషయంలో చల్క మట్టికే ఆ సంఖ్య 3,000 దాటుతుంది.

ఇక్కడ రేగడిని గురించి ఒక భ్రమ తొలగాలి. నల్లగా ఉన్నది కనుక అందులో సేంద్రియ పదార్థం దండిగా ఉంటుందని అనుకుంటారు. దక్కను రేగళ్లలో చాలావాటి కర్బనం 1 శాతానికి లోపే. ఆ నలుపు కొద్దిపాటి జీవపదార్థం బంకమట్టితో గాఢంగా కలిసిపోవడంవల్ల వచ్చినది. తడిసిన బంకమట్టి ఉపరితలాన్ని నీరే ఆక్రమిస్తుంది. చమురు అణువులకు అక్కడ తావు తక్కువ. ఎండాకాలంలో సంగతి వేరు. పొడి బంకమట్టి చమురు ఆవిరులను బాగా పట్టి ఉంచుతుంది, తొలి వానకు నీరు వాటిని వెళ్లగొడుతుంది. పైగా నేల నెర్రెలిచ్చినప్పుడు ఒలికిన చమురు రేణువులను తాకకుండానే లోతుకు జారిపోతుంది. పుస్తకంలోని సమీకరణం నెర్రెలను లెక్కలోకి తీసుకోదు.

సేంద్రియ పదార్థాలన్నీ కూడా ఒకే తీరున పనిచేయవు. మసి, బొగ్గు రేణువులు సాధారణ హ్యూమస్ కంటే 10 నుంచి 100 రెట్లు, కొన్ని అణువులనైతే ఇంకా ఎక్కువ బలంగా పట్టుకుంటాయి. లారీల పొగ, పంట మోళ్ల కాల్పు ఈ రేణువులను నేలకు చేరుస్తూనే ఉంటాయి. భూసార పరీక్షల్లో కర్బనాన్ని కొలిచే డైక్రోమేట్ పద్ధతి మసిని పూర్తిగా పట్టుకోలేదు. అంటే అతి బలమైన బంధకమే లెక్కకు తక్కువగా వస్తుంది.

కాలం గడిచేకొద్దీ అణువులు సూక్ష్మరంధ్రాల్లోకి ఇంకిపోతాయి. అప్పుడు విడుదల రెండు దశల్లో సాగుతుంది: కొంత భాగం గంటల్లో, రోజుల్లో, మిగతాది నెలల్లో, ఏళ్లలో. ఘాటైన ద్రావణితో మట్టిని కడిగి కొలిచిన మొత్తం పరిమాణానికీ, వానపాముకో వేరుకో అందే పరిమాణానికీ పొంతన కుదరకపోవడానికి ఇదే కారణం. బిగిసిన విషం హాని తక్కువే. కాని దానిని విరగగొట్టే సూక్ష్మజీవులకూ అది అందదు. కూకట్‌పల్లి నాలా దశాబ్దాలుగా పారిశ్రామికవాడల వ్యర్థాలను మోసుకొచ్చిన హుస్సేన్ సాగర్ వంటి జలాశయాల్లో మురుగును మళ్లించినంతనే పని పూర్తికాదు. అడుగు ఒండ్రు తాను దాచుకున్నదాన్ని నీటికి తిరిగి ఇస్తూ ఉంటుంది.

ఈ బంధనాన్నే చికిత్సగా మలచవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని హంటర్స్ పాయింట్ వద్ద స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లూథీ బృందం పీసీబీలు చేరిన బురదలో ఉత్తేజిత కర్బనాన్ని కలిపి, అవి నీటికి అందే పరిమాణాన్ని తగ్గించింది. పత్తికట్టె బొగ్గుకూ కొంతమేర ఈ గుణం ఉంది. అయితే అది పొలంలో చల్లిన కలుపుమందునూ పట్టేసి దాని పని తగ్గిస్తుంది.

పూడిక తోలకానికి ముందు నమూనా ఎక్కడ తీయాలన్నది ఆచరణలో కీలకం. వాగు చెరువులో కలిసేచోట ఇసుక, గరుసు పడతాయి. కర్బనం ఎక్కువగా ఉండే మెత్తని ఒండ్రు కట్టవారన, తూము ముందరి లోతట్టులో చేరుతుంది. రైతు కోరి ఎత్తుకెళ్లేది ఈ మట్టినే. షెడ్ల మురుగో ఫ్యాక్టరీ కాలువో కలిసే చెరువైతే జిడ్డు అణువులకు పరీక్ష చేయవలసినదీ ఈ మట్టికే. అక్కడి ఒండ్రును విడిగా కుప్పవేసి, ఫలితం వచ్చాకనే బండ్లకెత్తాలి.