పేరొకటి, దేశమొకటి

మా కేసముద్రము మహబూబాబాదు జిల్లాలోనిది. దూరప్రాంతములవారు దీనిని మహబూబ్‌నగరముగా భ్రమించుట కలదు. మానుకోట, పాలమూరు అను పాతపేర్లెరిగినవారి కా భ్రమ లేదు. స్వదేశమునందే యిట్లుండగా పరదేశముల మాట చెప్పనేల?

స్వీడను, స్విట్జర్లాండుల విషయమున విజ్ఞులు సైతము తడబడుదురు. స్వీడను ఉత్తరమున బాల్టిక్ సముద్రతీరమున నున్నది. స్విట్జర్లాండు సముద్రమే లేని ఆల్ప్స్ పర్వతసీమ. 2018 ఏప్రిల్ 3వ తేదీన, స్వీడనులో పుట్టిన స్పాటిఫై అను పాటల సంస్థ షేర్లు న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజిలో తొలిసారి అమ్మకమునకు వచ్చినవి. ఆనాడు ఆ భవనము ముంగిట గౌరవార్థ మెగురవేసినది స్విట్జర్లాండు జెండా! కొలది నిమిషములకు దానిని దించి, నీలముపై పసుపు సిలువ గల స్వీడను జెండా నెత్తిరి. ఆ సంస్థ చట్టరీత్యా నమోదైనది మాత్రము లక్సెంబర్గు దేశమున. పుట్టిన దేశ మొకటి, నమోదైన దేశ మొకటి, షేర్లమ్ముడగు దేశము మరియొకటి!

ఈ సంగతి గృహిణుల కేల యందురా? మన వంటయింటి మ్యాగీ నెస్లేవారిది. ఆ సంస్థ స్విట్జర్లాండుది. 2018 ఆగస్టులో హైదరాబాదున దుకాణము తెరచిన ఐకియా స్వీడనులో పుట్టినది. నెస్లే ఇండియా షేర్లు మన బొంబాయి ఎక్స్ఛేంజిలో దొరకును; మాతృసంస్థ షేర్లు జూరిచ్ నగరమున దొరకును. పేరొకటే యైనను ఆ రెండును వేర్వేరు షేర్లు. ఐకియా షేర్లు ఏ ఎక్స్ఛేంజిలోను లేవు. కావున అవి యిప్పింతుమని యెవరైన ధనమడిగిన, అది మోసమని తెలిసికొనవలెను.

రెండు దేశములకును చెందిన సంస్థయు లేకపోలేదు. స్వీడను సంస్థ యొకటి, స్విట్జర్లాండు సంస్థ యొకటి 1988లో కలిసి ఏబీబీ యైనవి. దాని షేర్లు జూరిచ్, స్టాక్‌హోము నగరములు రెంటను అమ్ముడగును.

పోపులడబ్బాలో దాచిన సొమ్మైనను, బ్యాంకులో నిలువయున్న సొమ్మైనను కష్టార్జితమే. పేరు చెవికింపుగ నున్నదని దానిని షేర్లలో పెట్టరాదు. సంస్థ పూర్తిపేరేమి, ఏ దేశమున నమోదైనది, ఏ ఎక్స్ఛేంజిలో షేర్లున్నవి అను మూడు ప్రశ్నలను ముందుగా నడుగవలెను. పురుషులు ముచ్చటించు వేళ ఈ ప్రశ్నల నడుగుటకు సోదరీమణులు సంకోచింప బనిలేదు. ఆ సొమ్ము యింటివారందరిది కదా!