దోమ కుట్టిన చోట నల్లమచ్చ ఎందుకు మిగులుతుంది?

దోమ కుట్టింది, బరబరా గోకేశావు. దద్దురు తగ్గిపోయినా మోకాలి కింద నల్లమచ్చ మాత్రం అలాగే ఉండిపోయింది కదూ!

మన చర్మం పైపొర అడుగున రంగు తయారుచేసే కణాలుంటాయి. ఆ రంగు పేరు మెలనిన్. ఎండాకాలం ఇంటిముందు తాటాకు పందిరి వేస్తామే, అలా ఈ రంగు పక్కనున్న కణాల్లోకి చేరి, వాటి కేంద్రకం మీద కప్పులా పరుచుకుని ఎండ దెబ్బ నుంచి కాపాడుతుంది. నీ ఒంటి రంగు అలా వచ్చిందే. అది మచ్చ కాదు, పోగొట్టాల్సిందీ కాదు. గోకినప్పుడు మాత్రం చర్మం వాస్తుంది. ఆ వాపుతో కణాలు అక్కడ రంగు ఎక్కువగా చేసేస్తాయి. అదే నల్లమచ్చ.

మరి పోయేదెలా? పైపొర దాదాపు 4 వారాలకోసారి కొత్తదవుతుంది. అడుగు నుంచి కొత్త కణాలు పైకొస్తుంటే, రంగు నిండిన పాతవి మనకు తెలియకుండానే రాలిపోతాయి. రంగు లోపలి పొరలోకి దిగితే నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. అందాకా గోకకు, ఎండ తగలనివ్వకు. నిమ్మరసం అసలే వద్దు: అది రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి, ఇంకా నల్లటి మచ్చలు పడొచ్చు. తెల్లబరుస్తామనే కొన్ని క్రీముల్లో పాదరసం బయటపడింది, అది మూత్రపిండాలను పాడుచేస్తుంది. మచ్చ ఎంతకీ తగ్గకపోతే అమ్మానాన్నలతో చర్మవైద్యుల దగ్గరికి వెళ్లు.